దస్తావేజులో దాగిన షరతు, దానికి వంద డాలర్ల బిల్లు

వాషింగ్టన్ రాష్ట్రంలో ఇల్లు కొనేవాళ్ళు క్లోజింగ్ నాడు, అంటే కొనుగోలు పూర్తయ్యే రోజు, సంతకాలు పెట్టే కాగితాల్లో రికార్డింగ్ ఫీజు అని ఒక పద్దు ఉంటుంది. 2023 చివరి దాకా సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీలో డీడ్ నమోదుకు అది 203.50 డాలర్లు. 2024 జనవరి 1 నుంచి 303.50. ఫలానా జాతివాళ్ళకు ఇల్లు అమ్మకూడదని ఒకప్పుడు దస్తావేజుల్లో రాసిన షరతుల వల్ల నష్టపోయిన కుటుంబాలు ఇల్లు కొనుక్కోవడానికి సాయం చేసేందుకు రాష్ట్ర చట్టం ఈ వంద వేసింది. లోను మీద కొంటే బ్యాంకు తరఫున డీడ్ ఆఫ్ ట్రస్ట్ అని ఇంకో కాగితం నమోదవుతుంది. దాని మీదా వంద పెరిగి 304.50 అయింది. వెరసి అప్పు చేసి ఇల్లు కొన్నవాడి మీద 200 డాలర్లు కొత్తగా పడ్డాయి. రేపు వడ్డీ తగ్గిందని రీఫైనాన్స్ చేస్తే మళ్ళీ వంద.

పది లక్షల డాలర్ల ఇంటి ధరలో ఇది పోపులో ఆవగింజ. అయినా సియాటిల్ శివార్లలో సమ్మామిష్, బాథెల్, రెడ్‌మండ్ వైపు మనవాళ్ళలో ఈ మాట వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న లేస్తుంది. ఎప్పుడో తెల్లవాళ్ళు నల్లవాళ్ళకు చేసిన అన్యాయానికి మొన్న వచ్చిన మనమెందుకు కట్టాలి? మన తాతలు ఆ రోజుల్లో గుంటూరులోనో కరీంనగర్‌లోనో నాగలి పట్టుకుని ఉన్నారు కదా?

అడగదగ్గ ప్రశ్నే. జవాబుగా సాధారణంగా వినపడేది నీతిబోధ. దానితో ఎవరికీ తృప్తి కలగదు. నా వాదన వేరు. ఆ అన్యాయం మనసుల్లో కన్నా ఎక్కువగా కాగితాల్లో జరిగింది. అందుకే ఎవరు ఎవరిని ద్వేషించారన్న విచారణ పక్కనపెట్టి కాగితం దారిలో వెళ్ళి చూస్తే, ఆ వంద న్యాయమైన వందే అనిపిస్తుంది. ఆ డబ్బు పంచే పద్ధతిలో మాత్రం ఒక పెద్ద చిల్లు ఉంది, దాని సంగతీ చూద్దాం.

షరతు ఎలా పనిచేసేది

మన దగ్గర స్థలం కొనేవాడు ఈసీ తీయిస్తాడు, లింకు డాక్యుమెంట్లు అడుగుతాడు, నిషేధిత భూముల 22ఏ జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూసుకుంటాడు. అసైన్డ్ భూమి అయితే ఎన్ని చేతులు మారినా దాని మీది షరతు వదలదని తెలుసు. అమెరికాలో కవనెంట్ అన్నది కూడా అలా భూమిని అంటిపెట్టుకుని ఉండే కట్టుబాటే. అసైన్డ్ చట్టం పేదవాడి చేతిలోంచి భూమి జారిపోకుండా పెట్టింది. ఈ కవనెంట్ కొందరి చేతికి భూమి అందకుండా పెట్టింది. తేడా అల్లా అదే.

దీన్ని రెండు రకాలుగా రాసేవాళ్ళు. మొదటిది లేఅవుట్ వేసేటప్పుడే డెవలపరు ప్లాట్లన్నిటికీ కలిపి నమోదు చేయించేది. సియాటిల్‌కు ఉత్తరాన ఉన్న బ్లూ రిడ్జ్, ఇనిస్ ఆర్డెన్ లేఅవుట్లు విమానాల బోయింగ్ గారి కుటుంబం వేసినవి. ఆ షరతు సారాంశం ఇది: ఈ స్థలంలో ఏ భాగాన్నీ తెల్లజాతి కానివాళ్ళకు ఎప్పుడూ అమ్మకూడదు, అద్దెకు ఇవ్వకూడదు, తెల్లజాతి కానివాళ్ళెవరూ ఇక్కడ నివాసం ఉండకూడదు, తెల్ల యజమాని ఇంట్లో ఉండి, అతని దగ్గర పనిచేసే ఇంటి నౌకరుకు మాత్రం మినహాయింపు. చివరి మాట ఒక్కసారి ఆగి చదవాల్సింది. పక్కన మనిషి ఉండటం ఇబ్బంది కాలేదు, వంట చేసి అంట్లు తోమితే ఉండొచ్చు. తాళంచెవి అతనిది కావటమే ఇబ్బంది అయింది.

రెండో రకం, అప్పటికే ఇళ్ళున్న పేటల్లో ఇరుగుపొరుగు కలిసి సంతకాలు చేసుకునేది. సియాటిల్ క్యాపిటల్ హిల్‌లో 1927 నుంచి కొన్నేళ్ళలో 964 మంది ఇంటి యజమానులు ఇలా చేతులు కలిపారు. ఇంటింటికీ తిరిగి సంతకాలు సేకరించి, నోటరీ చేయించి, కౌంటీలో నమోదు చేయించడమంటే ఆవేశంలో జరిగే పని కాదు. వాళ్ళలో చాలామంది తమను తాము మర్యాదస్తులనే అనుకుని ఉంటారు.

అమలు కూడా కాగితం మీదే. ఎవరైనా మాట తప్పి అమ్మితే పక్కింటివాడు కోర్టుకు వెళ్తాడు, కోర్టు ఖాళీ చేయమంటుంది. బ్రోకరు అమ్మిపెట్టడు, ఎందుకంటే రియల్ ఎస్టేట్ బోర్డుల జాతీయ సంఘం 1924లోనే తన నియమావళిలో ఆ మాట రాసుకుంది: పేటలో ఆస్తుల ధర పడిపోయేలా ఏ జాతివాళ్ళనూ సభ్యుడు తీసుకురాకూడదు. ఆస్తి హక్కులు తనిఖీ చేసే టైటిల్ కంపెనీ తన నివేదికలో ఆ షరతును ఎత్తి చూపిస్తుంది. ఇంతమందిలో ఎవరికీ చేతికి మట్టి అంటలేదు.

1948లో సుప్రీంకోర్టు సెయింట్ లూయీలోని ఒక ఇంటి కేసులో, షెల్లీ కేసు అంటారు, ఇలాంటి షరతులను కోర్టులు అమలు చేయకూడదని తీర్పిచ్చింది. తొమ్మిది మంది న్యాయమూర్తుల్లో ముగ్గురు విచారణ నుంచి తప్పుకున్నారు. కారణం చెప్పలేదు. వాళ్ళ సొంత ఇళ్ళకూ అలాంటి షరతు ఉండి ఉంటుందని అప్పట్లో అందరూ అనుకున్నారు. ఆ తీర్పు తర్వాత కూడా షరతు రాసుకోవడం, నమోదు చేయించడం ఆగలేదు.

అప్పు పుట్టని చోట

షరతు ఒక్కటే ఉంటే కథ ఇంత దూరం వచ్చేది కాదు. దానికి ప్రభుత్వం తన పూచీ కలిపింది.

1930లకు ముందు అమెరికాలో ఇంటి అప్పు అంటే సగం డబ్బు చేతిలో ఉండాలి, మిగతా సగం ఐదారేళ్ళకు ఇస్తారు, గడువు తీరాక అసలంతా ఒకేసారి కట్టాలి. 1934లో వచ్చిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్, ఎఫ్‌హెచ్‌ఏ, దీన్ని తలకిందులు చేసింది. బ్యాంకు ఇచ్చిన అప్పుకు ప్రభుత్వం బీమా. కొద్దిపాటి డౌన్ పేమెంటు, ఇరవై, పాతికేళ్ళ గడువు, ప్రతి నెలా వడ్డీతోపాటు కొంత అసలు తీరుతూ పోయే వాయిదా. ఇవాళ మనం ఈఎంఐ అనేది అదే.

ఉదాహరణకు 8,000 డాలర్ల ఇల్లు, 10 శాతం డౌన్, మిగిలిన 7,200 మీద నాలుగున్నర శాతం వడ్డీ, 25 ఏళ్ళు అనుకుందాం. నెలకు 40 డాలర్లు. అదే డబ్బు అద్దె కింద కట్టినవాడికి పాతికేళ్ళ తర్వాత మిగిలేది రసీదుల కట్ట. వాయిదా కట్టినవాడికి ఇల్లు, ఆ ఇంటి మీద కొడుకు చదువుకు ఇంకో అప్పు, చివరికి మనవడి డౌన్ పేమెంటు. 2022 నాటి ఫెడరల్ రిజర్వ్ సర్వేలో తెల్ల కుటుంబాల మధ్యస్థ ఆస్తి 2,85,000 డాలర్లు, నల్ల కుటుంబాలది 44,900. జీతాల్లో తేడా ఇంత లేదు. ఇంత తేడా రావాలంటే తరాలు కావాలి.

ఈ బీమా ఎవరికి ఇవ్వాలో చెప్పే ఎఫ్‌హెచ్‌ఏ మాన్యువల్ 1938 ప్రతిలో, పేట నిలకడగా ఉండాలంటే ఒకే సామాజిక, జాతి వర్గాలవాళ్ళు అక్కడ కొనసాగాలని రాసి ఉంది. జాతి షరతులు పెట్టుకోమని సిఫారసు చేసింది కూడా. అంటే తాళం పక్కింటివాళ్ళు వేస్తే సీలు సర్కారు వేసింది. ఎఫ్‌హెచ్‌ఏలో ముఖ్య ఆర్థికవేత్త హోమర్ హోయిట్ అంతకుముందే 1933లో, ఏ జాతివాళ్ళు వస్తే భూమి ధర ఎలా మారుతుందో పది మెట్ల వరుస ఒకటి ప్రచురించాడు. పైన ఇంగ్లీషు, జర్మను, స్కాచ్, ఐరిష్, స్కాండినేవియన్లు. ఉత్తర ఇటలీవాళ్ళు రెండో మెట్టు, దక్షిణ ఇటలీవాళ్ళు ఎనిమిదో మెట్టు. తొమ్మిదిలో నల్లవాళ్ళు, పదిలో మెక్సికన్లు. మనకు ఇలాంటి వరుసలు కొత్త కావు కాబట్టి చదువుతుంటే నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది.

డెట్రాయిట్‌లో ఎనిమిదో మైలు రోడ్డు దగ్గర 1941లో ఒక బిల్డరు నల్లవాళ్ళ పేట పక్కన తెల్లవాళ్ళకు ఇళ్ళు కట్టబోతే ఎఫ్‌హెచ్‌ఏ బీమా రాలేదు. అతను రెండు పేటల మధ్య ఆరడుగుల ఎత్తు, అడుగు మందం, అర మైలు పొడవు కాంక్రీటు గోడ కట్టాడు. బీమా వచ్చేసింది. ఆ గోడ ఇప్పటికీ ఉంది, దాని మీద పిల్లల బొమ్మలు, బుడగల బొమ్మలు వేశారు.

ఇక్కడ ఈ విషయం మీద రాసేవాళ్ళతో నాకు ఒక పేచీ ఉంది. రెడ్‌లైనింగ్, అంటే కొన్ని పేటలకు గీత గీసి అప్పులు ఆపేయడం, అనగానే అందరూ ఆకుపచ్చ, నీలం, పసుపు, ఎరుపు రంగుల పటాలు చూపిస్తారు. అవి హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ అనే వేరే సంస్థ 1930ల రెండో సగంలో రెండు వందలకు పైగా నగరాలకు వేయించినవి. పటానికి జతగా ఒక ఫారం ఉంటుంది. అందులో నివాసుల వృత్తి, సగటు ఆదాయం, విదేశాల్లో పుట్టినవాళ్ళ శాతం, తర్వాత ‘నీగ్రో’ అని ఒక గడి, ఆ తర్వాత ‘చొరబాటు’ అని మరో గడి. ఫారం భయంకరమైనదే, సందేహం లేదు. కానీ ఆ సంస్థ తన అప్పుల్లో ఎక్కువ భాగం పటాలు గీయకముందే ఇచ్చేసింది, తర్వాత ఎరుపు రంగు పడ్డ పేటల్లోనూ ఇచ్చింది. ఎరుపులో ఉన్నవాళ్ళలో తలల లెక్కన తెల్ల పేదలే ఎక్కువ. నల్లవాళ్ళు మాత్రం దాదాపు అందరూ ఎరుపులోనే ఉన్నారు. నష్టం ఎక్కువగా చేసింది ఎఫ్‌హెచ్‌ఏ బీమా నిబంధనలు. అవి రంగుల్లో ఉండవు, ఫొటోకు అందవు, అందుకే వాటి గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. ఒక పటం చూపించి ఇదీ కారణం అంటే, పటం తీసేస్తే సరిపోయిందనుకునే ప్రమాదం ఉంది.

బ్యాంకు అప్పు పుట్టని నల్లవాళ్ళు ఏం చేశారు? చికాగోలో కాంట్రాక్టు మీద కొన్నారు. మిసిసిపీ నుంచి వచ్చిన మాజీ సైనికుడు క్లైడ్ రాస్ 1961లో నార్త్ లాన్‌డేల్‌లో 27,500 డాలర్లకు ఇల్లు కొన్నాడు. అమ్మినవాడు ఆరు నెలల ముందు దాన్ని 12,000కు కొన్నాడు. కాంట్రాక్టు అంటే చివరి వాయిదా దాకా డీడ్ అమ్మినవాడి పేరునే ఉంటుంది. ఒక్క నెల తప్పితే ఇల్లూ పోయె, కట్టిందీ పోయె. అమ్మినవాడు అదే ఇంటిని ఇంకొకరికి అదే పద్ధతిలో అంటగడతాడు. రాస్‌లాంటివాళ్ళు 1968లో కాంట్రాక్ట్ బయ్యర్స్ లీగ్‌గా ఏర్పడి వాయిదాలు కట్టడం ఆపేశారు. పోలీసులు సామాన్లు వీధిలో పెడితే జనం పోగై తిరిగి లోపల పెట్టారు. కోర్టు కేసులు ఓడిపోయారు గానీ వందల కుటుంబాలు కాంట్రాక్టులు తిరగరాయించుకున్నాయి. పోరాటమంటే మనకు ఊరేగింపులు, ప్రసంగాలు గుర్తొస్తాయి. అందులో చాలా భాగం ఇలాంటి వాయిదాల లెక్కలతోనే నడిచింది.

ఎవరినీ ద్వేషించని ఓటర్లు

సియాటిల్ సంగతికి వద్దాం. ఉదారవాద నగరమని పేరు. 1964 మార్చిలో ఇళ్ళ అమ్మకం, అద్దెల్లో జాతి వివక్ష నిషేధించే ఆర్డినెన్సు మీద ఓటు పెట్టారు. వద్దన్నవాళ్ళు 1,15,627, కావాలన్నవాళ్ళు 54,448. రెండింతలు! అదే ఏడాది దేశమంతా పౌరహక్కుల చట్టం గురించి మాట్లాడుకుంటోంది.

అంతకుముందు ఇంకో చిన్న కేసు. 1959లో ఒక నల్ల పోస్టల్ ఉద్యోగి, ఎఫ్‌హెచ్‌ఏ బీమా ఉన్న అప్పుతో కొన్న ఇంటిని కొనబోయాడు. యజమాని కోస్ట్ గార్డ్ అధికారి ఒమీరా, అమ్మనన్నాడు. ప్రభుత్వ పూచీ ఉన్న అప్పుతో కొన్న ఇళ్ళలో వివక్ష కూడదని రాష్ట్రానికి 1957 చట్టం ఉంది. 1961లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఒక్క ఓటు తేడాతో ఆ చట్టాన్నే కొట్టేసింది. నా ఇల్లు, నా ఇష్టం అన్న వాదన గెలిచింది. ఆ ఇంటికి అప్పు పుట్టింది మాత్రం పన్ను కట్టే అందరి పూచీ మీద, నల్లవాళ్ళతో సహా.

1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్య. వారం తిరక్కుండా 11న ఫెడరల్ ఫెయిర్ హౌసింగ్ చట్టం. 19న సియాటిల్ కౌన్సిల్ తన ఆర్డినెన్సు. దాన్ని ముందుండి నడిపించింది సామ్ స్మిత్, అక్కడి కౌన్సిల్లో మొదటి నల్లజాతి సభ్యుడు. నాలుగేళ్ళ కిందట ఓడిన మాట ఒక శవం లేచాక గానీ చట్టం కాలేదు. అయినా ఫెడరల్ చట్టానికి పళ్ళు పీకేసి పంపారు. ఫిర్యాదు వస్తే గృహనిర్మాణ శాఖ ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేయొచ్చు, అంతే. సొంతంగా చర్య తీసుకునే అధికారం 1988 సవరణ దాకా రాలేదు.

ఇప్పుడెవరూ మీకు అమ్మనని మొహం మీద చెప్పరు. అందుకని పట్టుకునే పద్ధతీ మారింది. ఆదాయం, ఉద్యోగం, పొదుపు, పిల్లల సంఖ్య అన్నీ సరిసమానంగా ఉండేలా ఇద్దరిని తయారుచేస్తారు, ఒకరు తెల్ల, ఒకరు నల్ల. ఇద్దరూ కొద్ది గంటల తేడాతో ఒకే ఏజెంటు దగ్గరికి వెళ్తారు. ఎన్ని ఇళ్ళు చెప్పాడు, ఎన్ని చూపించాడు, ఏ పేటకు తీసుకెళ్ళాడు, లోను కాగితం ముందే అడిగాడా, అన్నీ బయటికి రాగానే విడివిడిగా రాసిస్తారు. ఒక జంటతో ఏదీ తేలదు, ఏజెంటుకు ఆ రోజు తలనొప్పి అయి ఉండొచ్చు. వందల జంటలు వెళ్తే తలనొప్పులన్నీ ఒకవైపే ఎందుకొస్తున్నాయో తెలుస్తుంది. 1982లో సుప్రీంకోర్టు ఇలా పరీక్షకు వెళ్ళిన మనిషి, టెస్టరు, కూడా దావా వేయొచ్చంది. ఆ టెస్టరుకు ఇల్లు అక్కర్లేకపోవచ్చు, అబద్ధం చెప్పించుకోవడమే నష్టం అని.

2012లో గృహనిర్మాణ శాఖ దేశవ్యాప్తంగా చేయించిన పరీక్షల్లో ఇల్లు కొనబోయిన నల్లవాళ్ళకు తెల్లవాళ్ళ కన్నా 17.7 శాతం తక్కువ ఇళ్ళు చూపించారు. ఆసియావాళ్ళకు 18.8 శాతం తక్కువ. ఈ రెండో అంకె మనవాళ్ళకు చెబితే నమ్మరు. మా ఏజెంటు బంగారం అంటారు. నిజమే అయి ఉంటుంది. చూపించని ఇల్లు ఎవరికి తెలుస్తుంది?

ద్వేషం లేకుండా వివక్ష ఎలా సాధ్యమని అడిగే తెలుగువాళ్ళకు నేను గుర్తుచేసేది టు-లెట్ బోర్డు. కాఫీ ఇచ్చి, పిల్లల చదువులడిగి, చివర్లో మెల్లగా ‘ఇంతకీ మీరేమిట్లు?’ అనే ఇంటి ఓనరు ఎవరినీ ద్వేషించడు. ఊరికి దూరంగా వాడ ఉండటానికి ఏ ఒక్కరి కోపమూ కారణం కాదు. సియాటిల్ 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధించిన మొదటి అమెరికా నగరం అయింది. దానికి గట్టిగా అడ్డుపడ్డవాళ్ళలో మన దేశస్థులే ఉన్నారు. వివక్ష ఎక్కడుంది అన్నదే వాళ్ళ ప్రశ్న కూడా.

మనం నిజంగా మొన్నే వచ్చామా

వచ్చాం. కానీ ఎందుకు మొన్న వచ్చాం?

1907 సెప్టెంబరు 4 రాత్రి ఇదే రాష్ట్రంలో, కెనడా సరిహద్దు దగ్గరి బెల్లింగ్‌హామ్‌లో, కలప మిల్లుల్లో పనిచేసే భారతీయుల బసల మీద సుమారు 500 మంది గుంపు పడింది. ఎక్కువమంది పంజాబీ సిక్కులు, పత్రికలు మాత్రం హిందువులని రాశాయి. తలుపులు పగలగొట్టి వీధిలోకి లాగారు. చాలామందికి ఆ రాత్రి సిటీ హాలులోనే గడిచింది. కొద్ది రోజుల్లో ఊళ్ళో మనవాళ్ళు దాదాపు ఎవరూ మిగల్లేదు. ఆ జ్ఞాపకార్థం 2018లో అక్కడ ఒక రాతి తోరణం నిలబెట్టారు.

1923లో సుప్రీంకోర్టులో పంజాబీ భగత్ సింగ్ థింద్ పౌరసత్వ కేసు. వలస వచ్చినవాళ్ళలో తెల్లవాళ్ళకూ నల్లవాళ్ళకూ తప్ప పౌరసత్వం ఇవ్వకూడదని అప్పటి చట్టం. మూడు నెలల ముందే జపాన్‌కు చెందిన ఒజావా కేసులో జస్టిస్ సదర్లాండ్, తెల్లవాడంటే కాకేసియన్ జాతివాడు అని రాశాడు. థింద్ వచ్చి శాస్త్రం ప్రకారం నేను కాకేసియన్నే అన్నాడు. అదే సదర్లాండ్, శాస్త్రంతో పని లేదు, మామూలు మనిషి దృష్టిలో నువ్వు తెల్లవాడివి కావు అన్నాడు. సదర్లాండ్ స్వయంగా ఇంగ్లండులో పుట్టి వలస వచ్చినవాడు. థింద్ కేసులో ఇంకో ఇబ్బంది ఉంది, మనం దాటేస్తుంటాం. ఆయన తరఫున చేసిన వాదనలో తాను ఉన్నత కుల ఆర్యుడినన్నది ఒకటి. ఆ నిచ్చెనను కొట్టమని అడగలేదు, పై మెట్టు మీద చోటు అడిగాడు.

ఆ తీర్పుతో అప్పటికే వచ్చిన పౌరసత్వాలు కూడా రద్దు చేయడం మొదలైంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణం నడిపిన వైష్ణోదాస్ బగాయ్ కుటుంబం బర్క్‌లీలో ఇల్లు కొంటే, సామానుతో వచ్చేసరికి ఇరుగుపొరుగు ఇంటికి తాళాలు వేసి కూర్చున్నారు. తర్వాత పౌరసత్వం పోయింది, దానితో కాలిఫోర్నియా భూచట్టం కింద ఆస్తి పోయింది. 1928లో బగాయ్ ప్రాణం తీసుకున్నాడు. ఇప్పుడు బర్క్‌లీలో ఒక వీధికి ఆయన భార్య కళ పేరు ఉంది.

వాషింగ్టన్‌లోనూ పౌరసత్వానికి అర్హత లేని విదేశీయుడు భూమి కొనకూడదన్న చట్టం ఉండేది. 1960, 1962లో రద్దు చేద్దామంటే ఓటర్లు వద్దన్నారు. 1966లో ఒప్పుకున్నారు. భారతీయులకు పౌరసత్వ అర్హత 1946లో వచ్చింది, ఏడాదికి వంద మంది కోటాతో. 1965 వలస చట్టం ఆ కోటాలను తీసేశాక గానీ మన డాక్టర్లు, ఇంజనీర్లు దిగలేదు. ఆ చట్టం పౌరహక్కుల ఉద్యమం తెచ్చిన గాలిలోనే పాసయింది. తలుపు తీయించింది అలబామా రాష్ట్రం సెల్మాలో ఓటు హక్కు కోసం నడిచి లాఠీ దెబ్బలు తిన్న నల్లవాళ్ళు.

‘జేబులో 8 డాలర్లతో దిగి మేం పైకి రాలేదా’ అనే మాట ఇక్కడే తూకం తప్పుతుంది. జేబులో 8 డాలర్లే, నిజం. తలలో మాత్రం నామమాత్రపు ఫీజుతో ఉస్మానియాలోనో, ఆంధ్రా మెడికల్ కాలేజీలోనో ప్రజల డబ్బుతో చదివిన చదువు ఉంది. చట్టమే అలాంటివాళ్ళను ఏరి తీసుకుంది. దిగేసరికి వివక్ష నేరమని రాసిన చట్టం కూడా సిద్ధంగా ఉంది. పంట చేతికొచ్చాక పొలంలోకి దిగి, దున్నినవాడు సోమరి అనడం ఏం న్యాయం?

స్కూలు రేటింగ్ అనే అమాయకపు అంకె

మేం రంగు చూసి కొనలేదు, స్కూలు చూసి కొన్నాం అన్నది అన్నిటికన్నా గట్టి వాదన, నిజాయితీ ఉన్న వాదన. నేనైనా అదే చేస్తాను. కానీ ఆ రేటింగ్ ఎక్కడి నుంచి వచ్చింది? టెక్సాస్‌లో శాన్ ఆంటోనియో దగ్గర రెండు స్కూలు డిస్ట్రిక్టుల లెక్క 1973 సుప్రీంకోర్టు కేసులో ఉంది. ఎక్కువగా మెక్సికన్ అమెరికన్లుండే ఎడ్జ్‌వుడ్‌లో వంద డాలర్ల ఆస్తికి 1.05 డాలర్ల పన్ను, ఆ ప్రాంతంలో అదే ఎక్కువ. వచ్చింది పిల్లవాడికి 26 డాలర్లు. ఎక్కువగా తెల్లవాళ్ళుండే ఆలమో హైట్స్‌లో పన్ను 85 సెంట్లే, పిల్లవాడికి 333 డాలర్లు. పన్ను ఎక్కువ వేసుకున్న పేదలకే తక్కువ రాలింది, ఎందుకంటే ఇళ్ళ ధరలే తక్కువ. కోర్టు 5-4తో ఇది రాజ్యాంగ విరుద్ధం కాదంది. తర్వాత చాలా రాష్ట్రాలు నిధుల సూత్రాలు మార్చాయి, వాషింగ్టన్ కూడా. ఇళ్ళ ధరలు, వాటితో వచ్చే ఇరుగుపొరుగు, ట్యూషన్లు, తల్లిదండ్రుల సంఘం చందాలు మాత్రం అక్కడే ఉన్నాయి. షరతు చచ్చిపోయింది, దాని వడ్డీ ఇంకా పెరుగుతోంది. మనం కొన్నది ఆ వడ్డీతో సహా.

ఇక ఆ చిల్లు సంగతి

వంద డాలర్లు కట్టమంటున్న చట్టానికి నా మద్దతు ఉంది గానీ కళ్ళు మూసుకుని కాదు. ముప్పై లక్షల డాలర్ల ఇల్లు కొన్నవాడికీ, మొదటిసారి చిన్న కాండో, అంటే ఫ్లాటు, కొంటున్న నల్ల కుటుంబానికీ అదే వంద. ధరలో శాతంగా పెట్టి ఉండాల్సింది.

వసూలైన డబ్బుతో డౌన్ పేమెంటుకు, క్లోజింగ్ ఖర్చులకు వడ్డీ లేని అప్పు ఇస్తారు. అర్హత ఏమిటంటే మొదటిసారి కొనేవాళ్ళు కావాలి, ఆదాయ పరిమితి ఉంది (2025లో దాన్ని ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 120 శాతానికి పెంచారు), తామో, తల్లిదండ్రులో, తాతముత్తాతలో 1968 ఏప్రిల్‌కు ముందు వాషింగ్టన్‌లో నివసించి ఉండాలి, వాళ్ళు చట్టం గుర్తించిన జాతుల్లో ఒకరై ఉండాలి. ఆ జాబితాలో నల్లవాళ్ళు, హిస్పానిక్‌లు, మూలవాసులు, పసిఫిక్ ద్వీపాలవాళ్ళు, కొరియన్లతోపాటు భారతీయులూ ఉన్నారు. ఫీజు గురించి గొణిగేవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

కానీ జాబితా విచిత్రంగా ఉంది. బెల్‌వ్యూలో మోడులు పెకలించి స్ట్రాబెర్రీలు పండించిన జపనీస్ రైతు కుటుంబాలను, సుమారు 60, 1942 మేలో రైలెక్కించి నిర్బంధ శిబిరాలకు పంపారు. చాలామంది తిరిగి రాలేదు. జపనీయులు జాబితాలో లేరు, ఇప్పటి గణాంకాల్లో వాళ్ళు వెనకబడి లేరు కాబట్టి. మనం ఉన్నాం. నా అనుమానం, సొంతిల్లు లేని భారతీయుల శాతం ఎక్కువగా కనిపించేది వీసా మీద వచ్చి అద్దెకుండే కుర్రాళ్ళ వల్ల. దానికీ 1907కీ సంబంధం లేదు.

అసలు చిల్లు నివాస షరతులో ఉంది. బెల్లింగ్‌హామ్ నుంచి తరిమేస్తే కాలిఫోర్నియాకో, కెనడాకో పోయినవాడి మునిమనవడు ఏం చూపిస్తాడు? పాత జనగణన పేజీ, స్కూలు రికార్డు, చిరునామా ఉన్న ఏదో కాగితం కావాలి. ఉండనివ్వలేదు కనుక చిరునామా లేదు, చిరునామా లేదు కనుక పరిహారం లేదు. ఎంత బాగా వెళ్ళగొడితే అంత తక్కువ బాకీ! శాసనసభ ఈ నిబంధన పెట్టింది రాజ్యాంగ భయంతో. జాతి ఆధారంగా ఏ సాయమైనా నిర్దిష్టమైన నష్టానికి ముడిపడి ఉండాలని కోర్టులంటాయి, కాలేజీ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోకూడదన్న 2023 హార్వర్డ్ తీర్పు తర్వాత మరీ. ఈ పథకం మీదా సవాలు వచ్చింది. అంటే చట్టం నిలబడటానికి చిల్లు పెట్టాల్సి వచ్చింది. నాకు దీనికి పరిష్కారం తోచదు. చిల్లు ఉందని కుండ పగలగొట్టమని మాత్రం అనను.

మీ ప్లాటుకు అలాంటి షరతు ఉందో లేదో చూసుకోవడం పెద్ద పని కాదు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం, ఈస్టర్న్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం కలిసి పాత దస్తావేజులు తిరగేసి రాష్ట్రంలో 50,000కు పైగా ఆస్తులను గుర్తించాయి. దొరికితే దాని రికార్డింగ్ నంబరు, మీ లాటు, బ్లాకు, ప్లాటు వివరం రాసి, ఆ నిబంధన చెల్లదని సవరణ పత్రం కౌంటీలో నమోదు చేయించవచ్చు. పాత కాగితం అలాగే ఉంటుంది, దాని వెనక మీ కాగితం చేరుతుంది. కౌంటీలో చాలా కాగితాల మీద ఆ వంద పడుతోంది గానీ ఈ ఒక్క పత్రానికి రికార్డింగ్ ఫీజు లేదు.